బుగ్గయ్య కొట్టం మీదుగా లంబరేఖ

ఆ వానాకాలం మా గల్లీలో దూరమనే పదార్థానికి అకస్మాత్తుగా విలువ పెరిగింది. అంతకుముందు ఇబ్రహీంపట్నంలో దూరాన్ని తగ్గించి చెప్పడమే మర్యాద. ప్లాట్లు అమ్మేవారి నోట బస్సు డిపో చెయ్యి చాపితే అందేది, సాగర్ రోడ్డు పిలిస్తే పలికేది, విమానాశ్రయం మహేశ్వరం మీదుగా ఒక కునుకు తీసేలోపు వచ్చేది. నా బామ్మర్ది ధర్మేందర్ ఆ విద్యలో ఆరితేరినవాడు. తుంగచెరువు పక్కన వెంచర్ వేసి, అందులో మొట్టమొదటి ప్లాటును నాకు కట్టబెట్టిన రోజున "బావా, కిటికీ తెరుస్తే నీళ్లు. చెరువు నీ ఇంట్లనే ఉన్నట్టు" అన్నాడు. ఆ ఉపమానాన్ని నేను మెచ్చుకున్నాను. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ని. ఉపమానాలను మెచ్చుకోవడానికే నాకు జీతమిస్తారు. ఏదో ఒకనాడు ఒక అధికారి వచ్చి అదే మాటను ఉపమానంగా కాక అభియోగంగా పలుకుతాడని నాకు తోచలేదు.

ఆషాఢంలో కొలతలవాళ్లు వచ్చారు. చెరువు నిండితే నీరు ఎంతదాకా వస్తుందో అంతదాకా గుర్తుగా రాళ్లు పాతారు. మా వైపున పడినవి రెండు. ఒకటి మా గల్లీ మొదట్లో, రెండోది దానికి ఈశాన్యంగా, తూము దగ్గర. ఆ రెంటినీ కలిపే తిన్నని గీతే చెరువు హద్దు. ఆ గీతకు ముప్పై మీటర్ల లోపల ఏ గోడ కనిపించినా పడగొడతారు. గీతకు అందరికంటే దగ్గర ఉన్న ఇల్లు మాది. మహాసామ్రాజ్యాల సరిహద్దులను నదులూ పర్వతాలూ నిర్ణయించాయని పిల్లలకు పాఠం చెప్పిన నేను, మా సామ్రాజ్యపు పడమటి సరిహద్దును సున్నం పూసిన రెండు రాళ్లు నిర్ణయించడం కళ్లారా చూశాను.

ముప్పై అనే అంకె మా ఇంట్లో నాలుగో మనిషిలా కాపురం పెట్టింది. నేనూ, నా భార్య సునందా, కూతురు శివానీ అన్నానికి కూర్చుంటే అదీ వచ్చి పీటేసుకొని కూర్చునేది. సాగర్ రోడ్డు వైపు నుంచి జేసీబీ చప్పుడు వినిపిస్తే ముగ్గురమూ ముద్ద చేతిలో పట్టుకొని ఆగేవాళ్లం. ఆ చప్పుడు ఎటో మళ్లిపోయాక ముద్ద నోట్లోకి పోయేది. సునంద గోడకు మేకు కొట్టనివ్వడం మానేసింది. పెద్ద జాడీలో ఊరుతున్న ఆవకాయను చిన్న సీసాలకు ఎత్తింది. ఎందుకని అడిగాను.

"ఎత్తుకపోవుటానికి అల్కగుంటది" అన్నది, మూత బిగిస్తూ.

ధర్మేందర్ ఈ భయాలన్నిటికీ టేపుతో మందు వేయడానికి ఒక ఉదయం వచ్చాడు. కారు దిగి, గల్లీ జనమంతా చూస్తుండగా, టేపు కొసను మొదటి రాయి మీద పెట్టి నా చేతికిచ్చాడు.

"ఇడువకు బావా. గట్టిగ వట్టు."

మా గల్లీ ఆ రాయి దగ్గర పుట్టి నేరుగా తూర్పుకు పోతుంది. మా ఇల్లు దక్షిణం పక్కన ఉంటుంది. చెరువుకు దగ్గరగా ఉన్నది దాని వాయవ్య మూల. ధర్మేందర్ టేపును గల్లీ వెంట పరుచుకుంటూ ఆ మూల దాకా పోయి, వంగి, అంకెను చదివి, విజయస్తంభం నాటిన చక్రవర్తిలా నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడ్డాడు.

"ముప్పై నాలుగు. నాలుగు మీటర్లు మిగులే ఉన్నది బావా. ఫికర్ జెయ్యకు."

"మిగిలిన నాలుగు నాకియ్యున్రి" అన్నాడు గల్లీ అవతలి నుంచి బుగ్గయ్య. అతని బర్రెల కొట్టం మాకు ఎదురుగా, చెరువు వైపుకు జరిగి ఉంటుంది. సగం కొట్టం ముప్పైలోనే పడింది. "నాకైతె రంధి లేదు. నాలుగు గుంజలు, పది రేకులు. వీక్కొని కందుకూరుల బిడ్డ ఇంటికి వోత. బర్రెకు యాడైతేంది, గడ్డి గావాలె."

అందరూ నవ్వారు. సునంద కూడా, ఆ నెలలో మొదటిసారి. కొలతలో ఎవరికీ లోపం కనిపించలేదు. వెంచర్లలో దూరమంటే రోడ్డు వెంట కొలిచేదే. ప్లాటు ముఖం కొలిచినా, డిపో ఎంత దూరమో చెప్పినా టేపు రోడ్డు మీదే పరుచుకుంటుంది. రోడ్డు విడిచి కొలవవచ్చునన్న ఆలోచన మా గల్లీలో ఇంకా పుట్టలేదు.

ఆ సాయంత్రం కాలనీ తరఫున వినతిపత్రం రచించే భాగ్యం నాకు దక్కింది. నా గృహము యొక్క వాయవ్య కోణము హద్దుశిలకు ముప్పది నాలుగు మీటర్ల దూరమున నిరాక్షేపణీయముగ నెలకొనియున్నదని రాశాను. 'ఆచంద్రతారార్కము' అనే మాటను ఇరికించడానికి రెండు వాక్యాలు అదనంగా కట్టవలసి వచ్చింది. ధర్మేందర్ చదివి, "మస్తున్నది బావా, ఒక్క ముక్క సమజ్ గాలే" అన్నాడు. దాన్ని ప్రశంసగానే స్వీకరించాను.

శివాని ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. ఆ రోజుల్లో వాళ్ల కాలేజీలో సరళరేఖలు నడుస్తున్నాయి. లెక్కలు చేస్తున్నప్పుడు పెదవులు కదుపుతూ సన్నగా కూనిరాగం తీయడం దాని అలవాటు. ఆ ఆదివారం పొద్దున కూనిరాగం మధ్యలో ఆపి వరండాలోకి వచ్చింది. నేను చాయ్ తాగుతున్నాను.

"బాపు, మామ టేపు గల్లీ పొంటి వట్టిండా?"

"గల్లీ పొంటి గాక గాలిల వడ్తరా?"

"గల్లీ పొంటి వడితె రాయి ఎంత దూరమున్నదో తెలుస్తది. వాళ్లకు గావాల్సింది రాయి గాదు, గీత. గీత నుంచి దూరమంటె లంబంగ కొలవాలె."

కవిత్వంలో లంబమనే మాటకు నాకు పెద్దగా పని పడలేదు. నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను. అది ముగ్గు డబ్బా తెచ్చి, వాళ్లమ్మ అప్పుడే అలికి పెట్టిన వాకిట్లో చుక్కలు పెట్టసాగింది. అడ్డం వరస, దాని మీద ఇంకో వరస, ఆపైన ఇంకోటి.

"ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు రెండు మీటర్లనుకో. గీ మూలమీది చుక్క మొదటి రాయి. గీ అడ్డం వరస మన గల్లీ. రాయిని ఇడిచివెట్టి లెక్కవెట్టుకుంట వస్తె పదిహేడో చుక్క మన ఇంటి మూల."

"సరే."

"తూము కాడి రాయి యాడున్నదో ఫోన్ల మ్యాపు చూసిన. గీత మూడు చుక్కలు తూర్పుకు వోతె నాలుగు చుక్కలు ఉత్తరానికి లేస్తున్నది. గదే దాని వాలు. నాలుగు బై మూడు." రాయి నుంచి ఏటవాలుగా ఒక తెల్లని గీత లాగింది. "దీనికి లంబంగ పోయే గీత గావాలంటె వాలును తిరగేసి, గుర్తు మార్చాలె. మైనస్ మూడు బై నాలుగు. రెండు వాలులు గుణిస్తె మైనస్ ఒకటి రావాలె. వచ్చిందా?"

"వచ్చినట్టే ఉన్నది."

"అంటె మన మూల మీదికెల్లి నాలుగు చుక్కలు పడమటికి, మూడు చుక్కలు పైకి."

పదిహేడో చుక్క నుంచి నాలుగు పడమరకూ మూడు పైకీ పోయింది. మళ్లీ నాలుగు, మూడు. మళ్లీ. ముగ్గు దాని వేళ్ల సందుల్లోంచి తడబడకుండా రాలింది. రెండో గీత పోయి పోయి మొదటి గీతను ఆరో చుక్క పక్కన, ఎనిమిదో వరసకు కొంచెం పైన తాకింది. అక్కడ కాగితం మూలను అంటించవచ్చు. అంత చక్కని లంబకోణం. కింద వేలితో, చుక్కలను మీటర్లలోకి మార్చి, రెండు సమీకరణాలు రాసింది. హద్దు గీతకు నాలుగు ఎక్స్ మైనస్ మూడు వై ఈక్వల్ టు సున్నా. మా ఇంటి మూల మీదుగా పోయే లంబానికి మూడు ఎక్స్ ప్లస్ నాలుగు వై ఈక్వల్ టు నూట రెండు.

"గీ రెండు కలిసిన కాడికి మనింటి నుంచి దూరం ఇరవై ఏడు పాయింట్ రెండు" అన్నది. "ముప్పై లేదు బాపు."

నా చేతిలో చాయ్ చల్లబడింది. ఏమీ పగలకుండా, ఏదీ కూలకుండా, ముగ్గుపిండితో ఇంత పెద్ద దెబ్బ కొట్టవచ్చునని నాకు తెలియదు.

పాలక్యాన్లు తగిలించుకొని మోపెడ్ మీద పోతున్న బుగ్గయ్య ఆగాడు. "ఏం ముగ్గు బిడ్డా గిది? పువ్వు లేదు, తీగె లేదు."

"లెక్క తాతా."

"లెక్కలల్ల గూడ ముగ్గులుంటయా" అంటూ అతడు గీతను కాసేపు చూశాడు. ఆ లంబరేఖ కాగితం మీద ఎలా పోతుందో నాకు తెలియదు గానీ, నేల మీద అతని కొట్టంలోంచే పోతుంది. అతడు మోపెడ్ నడుపుకుంటూ పోయాడు.

సునంద బకెట్ నీళ్లతో వచ్చింది. ఎక్స్ వైలు ఆమెకు పట్టవు; కానీ చుక్కలు చదవడంలో మా గల్లీలో ఆమెను మించినవారు లేరు. వాకిట్లో నిలబడి రాయినీ, ఇంటినీ, గల్లీనీ ఒక్కొక్కటిగా గుర్తుపట్టింది. గల్లీ కంటే ఇంటి మూల నుంచి పోయే గీత పొట్టిగా ఉండటమూ చూసింది.

"గిది మనిల్లేనా?"

"అవ్" అన్నది శివాని.

సునంద బకెట్ ఎత్తి నీళ్లన్నీ ఒకేసారి గుమ్మరించింది. చుక్కలు, గీతలు, సమీకరణాలు కలిసి ఒక తెల్లని కాలువై గేటు కిందినుంచి గల్లీలోకి పారాయి.

"ఎవ్వలికీ చెప్పకు. కాలేజీల చెప్పకు. గీ ముగ్గు ఇంకోపారి వెయ్యకు."

"నీళ్లు వోస్తె లెక్క మారదమ్మ."

"నాకెరికే" అన్నది సునంద.

పండితుడన్నవాడు ప్రత్యక్ష ప్రమాణం లేనిదే దేన్నీ ఒప్పుకోకూడదు. మరునాడు మధ్యాహ్నం, గల్లీ నిద్రపోయే వేళ, నేను టేపుతో శత్రుభూభాగంలోకి ప్రవేశించాను. నాలుగు పడమరకు, మూడు ఉత్తరానికి అని మనసులో జపం చేసుకుంటూ బుగ్గయ్య కొట్టంలోకి అడుగుపెట్టేసరికి, సరిగ్గా నా లంబరేఖ మీద ఒక బర్రె అడ్డంగా నిలబడి నన్ను చూసింది. దాని ధోరణి చూస్తే ఆ భూమి దాని పేర ఆచంద్రతారార్కముగ రాసినట్టే ఉంది.

"ఏం సారు, గిట్లొచ్చినవ్?" బుగ్గయ్య గడ్డిమోపు దింపుతూ అడిగాడు.

నా చేతిలోని టేపు అతనికి చెప్పేసింది. అతడు బర్రె మెడ మీద చెయ్యేసి "జరుగవే" అని పక్కకు తోసి, నేను అడగకుండానే టేపు కొస అందుకున్నాడు. పేడలోంచి, తొట్టి పక్కనుంచి, వెనక రేకుల సందులోంచి టేపు పోయి హద్దు గీతను తాకింది. ఇరవై ఏడు దాటి కొంచెం. అల్పమైన ఆ కొంచెం దగ్గర నేను చాలాసేపు వంగి ఉన్నాను.

"మొన్న నీ బామ్మర్ది గల్లీల వట్టిండు. ఇయ్యాల నువ్వు నా కొట్టంల వడ్తున్నవ్. రెండిట్ల ఏది ఖరా సారు?"

"రెండూ ఖరానే బుగ్గన్నా."

"అయితె నీకు రెండిండ్లున్నట్టు" అన్నాడు, టేపు చుట్టి నా చేతిలో పెడుతూ.

అతడు ఎవరికీ చెప్పలేదు. అయితే ఆనాటి నుంచి పాలు పోసేటప్పుడు కొలత నిండాక ఇంకొంత ఒంపేవాడు. అడిగితే "తాగున్రి" అనేవాడు. చావుబతుకుల్లో ఉన్నవాళ్లకు చూపించే ఆ ఔదార్యం మమ్మల్ని జేసీబీల కంటే ఎక్కువ భయపెట్టింది.

ధర్మేందర్‌కు మాత్రం ఫోన్ చేసి చెప్పక తప్పలేదు. అతడు ఒక్క క్షణం కూడా కంగారు పడలేదు.

"బావా, సర్వే సారు గూడ గల్లీ పొంటనే కొలుస్తడు. బర్రెల కొట్టంల దిగి పెండల నడుస్తడా ఎవడన్న? మనం నోరు మూసుకుంటె అయిపాయె. లంబం గియ్యాలంటె పరీక్ష పేపరు మీద గియ్యమను పిల్లను. గల్లీల గీస్తె ఏమస్తది?"

నోరు మూసుకోవడమన్నది ఇంత శ్రమతో కూడిన వ్యాపారమని నేను అనుకోలేదు. మాట్లాడటమే బతుకైన నేను ఆ నెలంతా ఇంట్లో దూరం, దగ్గర, మూల, గీత అనే మాటలు రాకుండా వాక్యాలు కట్టడం నేర్చుకున్నాను. చెరువు వైపు కిటికీ తెరిస్తే నీళ్లు కనిపించేవి. దాన్ని తెరవడం మానేశాము. వాన పడితే నీరు పెరుగుతుందని దిగులు, ఆగితే కొలతలవాళ్లు వస్తారని దిగులు. శివాని కూనిరాగం ఎప్పుడు ఆగిపోయిందో మా ఇద్దరిలో ఎవరమూ గమనించలేదు.

అది బయటపడింది కాలేజీలో. యూనిట్ టెస్టుల తరువాత తల్లిదండ్రులను పిలిస్తే సునంద పోయింది. లెక్కల మేడం సంతోషి జవాబుపత్రం విప్పి చూపించి, "సమాంతర రేఖలయి అన్ని చేసింది. లంబరేఖ అడిగిన కాడల్ల ఖాళీ ఇడిచింది. ఈ సెక్షన్ల ఈమెకే మంచిగ వస్తది ఆ పాఠం. జర ఇంట్ల అడుగున్రి" అన్నదట.

సునంద ఇంటికి వచ్చి చెప్పులు కూడా విడవకుండా వరండా మెట్టు మీద కూర్చుంది. శివానిని పిలిచింది.

"ఎందుకు ఇడిచిపెట్టినవ్?"

"యాదికి రాలే."

"నాకు చెప్తవా గా మాట?"

శివాని గోడకానుకొని నిలబడింది. "ఎవ్వలికీ చెప్పకన్నవ్ గద."

"పరీక్షల లెక్క చెయ్యొద్దన్ననా నేను?"

"ఏ అంకెలిచ్చినా మనిల్లే వస్తదమ్మ" అన్నది శివాని. "గీత ఇస్తరు, చుక్క ఇస్తరు. చుక్క మీదికెల్లి లంబం గియ్యమంటరు. గీసుడు మొదలువెడితె మనిల్లే. నేను గీస్తె ఇల్లు వోతదన్నట్టు ఉంటది. అందుకే గియ్యలే."

సునంద లేచింది. లోపలికి పోయి బియ్యం కడిగింది. ఎప్పటికంటే చాలాసేపు కడిగింది. నేను పోయి పక్కన నిలబడ్డాను. ఓదార్పు వాక్యమొకటి నాలో తయారవుతోంది. అది పూర్తి కాకముందే సునంద తల ఎత్తకుండా, "నువ్వేం మాట్లాడకు జరసేపు" అన్నది.

శ్రావణం చివర, ముసురు పట్టిన ఒక ఉదయం, సర్వే అధికారి మహిధర్ తుది కొలతకు వచ్చాడు. కుర్రవాడు. మెరుస్తున్న నల్లని బూట్లు, గొడుగు, వెంట టేపు పట్టే మనిషి. ఉపగ్రహాలతో సంభాషించగల యంత్రమొకటి కూడా తెచ్చారు గానీ, అది ఆ తడికి మౌనవ్రతం పట్టింది. ధర్మేందర్ అప్పటికే వచ్చి, గల్లీలోని గుంటలకు మొరం పోయించి, పెండ్లివారిని ఎదుర్కొన్నట్టు ఎదురుపోయాడు.

"ఇట్ల రాండ్రి సార్. గల్లీ నీటుగ ఉన్నది."

మహిధర్ మొదటి రాయిని చూశాడు, దూరంగా తూమును చూశాడు, మధ్యలో బుగ్గయ్య కొట్టాన్నీ అందులోని బురదనూ చూశాడు, చివరికి తన బూట్లను చూసుకున్నాడు. ఆ నాలుగో చూపుతో మా ఇల్లు దాదాపు గట్టెక్కింది. టేపు గల్లీ వెంట పరుచుకుంది. ముప్పై నాలుగు.

నేను వినతిపత్రం సమర్పించాను. అతడు మొదటి వాక్యం మొదలుపెట్టి, క్రియాపదం కోసం కొంతదూరం పోయి, దొరక్క, మర్యాదగా మడిచిపెట్టాడు. కలం తీశాడు. రాసే ముందు, అందరినీ అడిగే మాటే అయివుంటుంది, "ఇంటోళ్లు ఏమన్న చెప్పేదున్నదా?" అన్నాడు.

ధర్మేందర్ నా వైపు చూశాడు. నేను చెరువు వైపు చూశాను. శివాని గడపలో నిలబడి తలుపు గొళ్లేన్ని గోటితో గీకుతోంది.

"సారూ" అన్నది సునంద. కొంగు నెత్తిన కప్పుకొని వానలోకి దిగింది. "టేపు గట్ల గాదు వట్టేది."

"అక్కా" అన్నాడు ధర్మేందర్.

"నువ్వుండు తమ్మీ. సారూ, గీతకు లంబంగ వట్టాలెనట. నాకు చెప్పరాదు. మా బిడ్డ చెప్తది. రావే."

శివాని రాలేదు. అది వాళ్లమ్మను చూడలేదు, అధికారిని చూడలేదు. నన్ను చూసింది. ఇంత భాష వచ్చిన నాకు ఆ క్షణాన నోటికి అందిన మాట ఒక్కటే.

"చెప్పు బిడ్డా."

అది వానలో నిలబడి చెప్పింది. వాలు ఎంత, తిరగేస్తే ఎంత, లంబం ఎటు పోతుంది, రెండు గీతలు ఎక్కడ కలుస్తాయి. మొదట గొంతు వణికింది. గుర్తు మార్చే దగ్గరికి వచ్చేసరికి కుదుటపడింది. మహిధర్ మధ్యలో ఆపలేదు. చెప్పడం అయిపోయాక గొడుగు మడిచి, ఒక నిట్టూర్పు విడిచి, బూట్లతోనే బుగ్గయ్య కొట్టంలో దిగాడు. బుగ్గయ్య ముందే బర్రెలను ఒక పక్కకు కట్టేసి ఉంచాడు.

ఇరవై ఏడు పాయింట్ రెండు.

మహిధర్ రాసుకున్నాడు. బూటును రాయికి రాస్తూ సునందతో, "చెప్పకపోయింటె నాకు ముప్పై నాలుగేనమ్మా" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు.

"మీకు ముప్పై నాలుగే సారూ. మా ఇంట్ల ఇన్ని దినాల సంది ఇరవై ఏడే ఉన్నది."

అతడు ఇల్లంతా ఒకసారి తిరిగి చూశాడు. హద్దు గీతకు ముప్పై మీటర్ల దూరాన దానికి సమాంతరంగా ఇంకో గీత గీస్తే, అది మా వాయవ్య మూలను మాత్రం ముక్కోణంగా కోసుకొని పోతుందని తేల్చాడు. "బతుకమ్మ లోపల మీరే తీసేసుకోన్రి. తీసేసిండ్రని నేను రాస్త. రాసినంక మిగతా ఇంటి జోలికి రారు" అన్నాడు. రారనే అనుకుంటున్నాను అన్నట్టుగా ఉంది అతని ముఖం. ఆ అనుమానాన్ని మేము తరువాతి రోజులన్నిటా తలా కొంత పంచుకున్నాము.

ధర్మేందర్ చాయ్ తాగకుండానే కారెక్కాడు. అద్దం దించి, "ఇగ గీ గల్లీల ప్లాటు అమ్ముడువోదు అక్కా" అన్నాడు. ఆ రోజు తరువాత ఫోన్ చేయలేదు. సునంద చేసింది. అతడు ఎత్తలేదు.

పోవలసిన మూల నా పుస్తకాల గది. ఆ గదిని నేను గ్రంథాలయమని పిలిచేవాణ్ని. మిగిలినవారు బుక్కుల రూమ్ అనేవారు. సెలవు రోజున పనివాళ్లు సుత్తెలతో వచ్చి బయట నిలబడ్డారు. ఎక్కడిదాకా కొట్టాలో నేల మీద గీత వేసి ఇవ్వాలి. శివాని పొద్దున్నే లేచి లెక్క కట్టింది. మూల నుంచి గల్లీ వైపు గోడ వెంట మూడున్నర మీటర్లు, చెరువు వైపు గోడ వెంట నాలుగు మీటర్ల అరవై ఏడు సెంటీమీటర్లు. ఈ రెండు గుర్తులనూ కలిపేది గీత.

లాగి వదిలితే నేల మీద గీత పడేలా నీలిమందులో ముంచిన దారాన్ని శివాని గల్లీ వైపు గుర్తు మీద అదిమి పట్టుకుంది. రెండో కొస నా బొటనవేలి కింద. సునంద మధ్యలో మోకాళ్ల మీద కూర్చుంది. నా చేతికి ఆనుకొని నిఘంటువుల బీరువా ఉంది. గోడకు బిగించి కట్టించినది, కదిలించడానికి వీల్లేనిది. గీత బీరువా వెనక కాలు మీదుగా పోతోంది. నాలుగు వేళ్ల వెడల్పు మూల వైపు జరిగితే బీరువా ఇంట్లో ఉంటుంది. నేను దగ్గాను. దగ్గుతో పాటు నా బొటనవేలు మూల వైపు జరిగింది.

శివాని తల ఎత్తలేదు. దారం వైపే చూస్తోంది.

"బాపు, ఇంకా జర లోపలికి."

"ఉన్నది గద."

"లేదు బాపు."

బయట ఎవరో సుత్తెను నేల మీద ఆనించిన చప్పుడైంది. నేను నా వేలిని చూశాను. దాన్ని కదపడానికి, వినతిపత్రం మొత్తం రాయడానికి పట్టినంత సేపు పట్టింది. నాలుగు వేళ్ల వెడల్పూ లోపలికి జరిపాను. బీరువా అవతల పడింది.

"ఆఁ. గాడనే" అన్నది శివాని.

సునంద దారాన్ని రెండు వేళ్లతో పైకెత్తి వదిలింది.